నల్లగొండ, పాలమూరు కంచంలో నీళ్ల లెక్క

సంక్షిప్తంగా: దగ్గర్లో పండింది తింటే పర్యావరణానికి మేలు అనే మాట దక్షిణ తెలంగాణలో సగమే నిజం. ఇక్కడ తిండి వల్ల పర్యావరణం మీద పడే బరువులో లారీ వాటా చాలా చిన్నది. పెద్ద వాటా బోరు నీళ్లది, ఆ నీళ్లు తోడే కరెంటుది, నీళ్లు నిలిచిన మడిది, యూరియాది. అందుకే ఇంటి పక్క చేనులో పండిన బోరు వరి కన్నా వానకు పండిన జొన్న, కంది ఈ నేలకు ఎక్కువ 'స్థానికం'. అవి వెనక్కి పోవడానికి రైతు మొండితనమో, తినేవాళ్ల మోజో కారణం కాదు. ధర, కొనుగోలు, కరెంటు, రేషన్, చివరికి పిట్టలు కూడా కలిసి ఆ మార్పు తెచ్చాయి.

హుజూర్‌నగర్ బియ్యం, మర్రిగూడ బియ్యం

2025 ఉగాది నాడు, మార్చి 30న, రేషన్ కార్డు ఉన్నవాళ్లకు సన్నబియ్యం ఇచ్చే పథకం హుజూర్‌నగర్‌లో మొదలైంది. మనిషికి నెలకు 6 కిలోలు. నలుగురున్న ఇంటికి 24 కిలోలు. అంతకుముందు ఇచ్చిన దొడ్డుబియ్యం చాలా ఇళ్లలో పొయ్యి మీదికి ఎక్కేది కాదు. ఎవరో వచ్చి కిలోకు ఇంతని కొనుక్కుపోతే కోళ్ల దాణాకో, తిరిగి మిల్లుకో చేరేది. తినని బియ్యం కోసం పెట్టిన నీళ్లు, ఎరువు, కరెంటు అన్నీ దండగే. ఆ లెక్కన ఇచ్చిన బియ్యం ఇంట్లోనే ఉడకడం పర్యావరణానికి కూడా మంచిదే.

హుజూర్‌నగర్ ఉన్నది నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద. 1955లో పునాదిరాయి పడి, 1967లో కాలువలకు నీళ్లు వదిలాక ఈ వైపు భూముల రూపమే మారిపోయింది. కాలువ నీళ్లు వాలు వెంబడి వాటంతట అవే వస్తాయి. ఆ వడ్లు మిర్యాలగూడ చుట్టుపక్కల మిల్లుల్లో ఆడి, మళ్లీ ఈ ప్రాంతపు రేషన్ షాపులకే వస్తే, పొలానికీ కంచానికీ మధ్య వంద కిలోమీటర్లు కూడా ఉండవు. దూరమే కొలమానమైతే ఇంతకన్నా స్థానికమైన తిండి ఉండదు.

ఇదే పాత నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు మెట్ట ఉంది. అక్కడా వరి పండుతోంది, వడ్లు అక్కడి ఐకేపీ కేంద్రంలోనే, అంటే ప్రభుత్వం తరఫున మహిళా సంఘాలు వడ్లు కొనే చోటే, తూకమేస్తున్నారు. కానీ ఆ మడికి నీళ్లు కాలువ నుంచి కాదు, రెండు వందల అడుగులో ఇంకా ఎక్కువో కింద ఉన్న బండరాతి పగుళ్ల నుంచి వస్తున్నాయి. కల్వకుర్తి, దేవరకద్ర, నారాయణపేట వైపు కూడా బోరు మీద బతికే ఊళ్లు ఎన్నో. మిల్లులో ఆడాక రెండు బస్తాలూ ఒకేలా ఉంటాయి. నేలకు పడిన ఖర్చు మాత్రం ఒకటి కాదు.

లారీ ఎంత, బోరు ఎంత

ఆహారం ప్రయాణించిన దూరాన్ని బట్టి దాని మంచిచెడ్డలు తేల్చే అలవాటు పాశ్చాత్య దేశాల్లో మొదలైంది. విమానంలో పళ్లు తెప్పించుకునే చోట దానికి అర్థముంది. కానీ 2018లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం 119 దేశాల్లో 38 వేలకు పైగా పొలాల సమాచారం కూర్చి చూస్తే, ఆహారం వల్ల వెలువడే, భూమిని వేడెక్కించే వాయువుల్లో రవాణా వాటా దాదాపు 6 శాతమే అని తేలింది. ఎక్కువ భాగం పొలంలోనే పుడుతోంది.

మన బోరు పొలానికి ఇదెలా వర్తిస్తుందో ఒక ఎకరంతో లెక్క కట్టి చూడవచ్చు. యాసంగి (రబీ) వరికి మొత్తం మీద సుమారు 1,200 మిల్లీమీటర్ల నీళ్లు కావాలనుకుంటే, ఎకరానికి 48 లక్షల లీటర్లు. యాసంగిలో వాన నామమాత్రం కాబట్టి దాదాపు అంతా తోడాల్సిందే. వెయ్యి లీటర్లను ఒక మీటరు పైకి ఎత్తడానికి 0.0027 యూనిట్ల కరెంటు చాలు. 200 అడుగులంటే 61 మీటర్లు. మోటారు, పైపుల నష్టాలు పోను మన పంపుసెట్లలో పనికొచ్చేది 40 శాతమే అనుకుందాం. అప్పుడు వెయ్యి లీటర్లకు 0.4 యూనిట్లు, ఎకరానికి సుమారు 2,000 యూనిట్లు. మన దేశంలో ఒక యూనిట్ కరెంటుకు సగటున 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. ఎకరానికి 1,400 కిలోలు. ఆ ఎకరంలో 25 క్వింటాళ్ల వడ్లు పండి, క్వింటాకు 67 కిలోల చొప్పున బియ్యం వస్తే 1,675 కిలోలు. అంటే కిలో బియ్యానికి నీళ్లు తోడినందుకే 800 గ్రాములకు పైగా వాయువు గాలిలో కలుస్తోంది.

ఇప్పుడు లారీ. నిండుగా వేసుకున్న పెద్ద లారీ ఒక టన్ను సరుకును ఒక కిలోమీటరు మోయడానికి వదిలేది సుమారు 100 గ్రాములు. నల్లగొండ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు. ఆ దారిలో కిలో బియ్యానికి పడేది 10 గ్రాములు. బోరు ఖర్చుతో సమానం కావాలంటే ఆ బియ్యం లారీలో ఎనిమిది వేల కిలోమీటర్లు తిరగాలి. కన్యాకుమారికి పోయి, అక్కడి నుంచి కశ్మీరు దాకా వెళ్లి, వెనక్కి వచ్చినా అంత దూరం కాదు.

ఇందులోని అంకెలన్నీ అంచనాలే. బోరు లోతు మారితే, దిగుబడి మారితే ఫలితం అటూఇటూ అవుతుంది. మడిలో పెట్టిన నీళ్లలో కొంత మళ్లీ భూమిలోకే ఇంకుతుంది కూడా. అయినా 10 గ్రాములకూ 800 గ్రాములకూ ఉన్న తేడా ఈ సవరణలతో చెరిగిపోయేది కాదు.

దీనికి మడి సొంత ఖర్చు తోడవుతుంది. నీళ్లు నిలిచిన మట్టికి గాలి అందదు. అలాంటి చోట బతికే సూక్ష్మజీవులు కుళ్లిన మోళ్లను, వేర్లను తింటూ మీథేన్ వదులుతాయి. వందేళ్ల లెక్కన మీథేన్ బొగ్గుపులుసు వాయువు కన్నా 28 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. కాలువ వరి అయినా బోరు వరి అయినా ఈ ఖర్చు తప్పదు. యూరియాలోని నత్రజనిలో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా మారి గాలిలో కలుస్తుంది, అది ఇంకా బలమైన వాయువు.

నీళ్ల సంగతి వేరుగా చెప్పుకోవాలి. 48 లక్షల లీటర్లను 1,675 కిలోలకు పంచితే కిలోకు 2,900 లీటర్లు. 25 కిలోల బియ్యం బస్తా వెనక 10 వేల లీటర్ల ట్యాంకర్లు ఏడు ఉన్నట్టు. ఎండాకాలం తాగునీటి ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టి నిలబడ్డ ఊళ్లున్న ప్రాంతంలో ఈ అంకె చిన్నది కాదు.

చెలకలో ఏముండేది

దక్షిణ తెలంగాణకు ఏటా పడే వాన స్థూలంగా 600 నుంచి 750 మిల్లీమీటర్లు. ఎక్కువ భూమి ఎర్ర చెలక (ఇసుక కలిసిన తేలిక నేల), అక్కడక్కడా రేగడి. కింద నల్లరాయి. చెలక నీళ్లను ఎక్కువ రోజులు పట్టి ఉంచదు. ఇలాంటి నేలకు వరి మొదటి నుంచీ చెరువు కింది పంటే. పాత రికార్డుల్లో తరి, ఖుష్కి అని భూములను విడదీసింది కూడా అందుకే. చెరువు తూము పారిన మేర తరి, మిగిలిందంతా ఖుష్కి. తిండి కూడా అలాగే పంచుకుని ఉండేది. పండుగకు, చుట్టాలొస్తే అన్నం. రోజువారీ జొన్న రొట్టె, గటక (జొన్న రవ్వ సంకటి), అంబలి, తైదల (రాగుల) జావ.

ఖుష్కిలో జొన్నకు 400, 500 మిల్లీమీటర్లు చాలు. పునాసలో (తొలకరి పంటగా) వేసిన పచ్చజొన్న వానకే పండేది. రేగడిలో యాసంగి జొన్న మంచుకు పండుతుందని ఇప్పటికీ అంటారు. అంటే వానాకాలంలో రేగడి తాగి దాచుకున్న పదునుతోనే కంకి నిండుతుందని. బోరు ఊసే ఉండదు.

కాని ఆ పద్ధతి గొప్పతనాన్ని ఒక్క జొన్నలోనే వెతికితే సగమే తెలుస్తుంది. అసలు బలం పక్క సాళ్లలో ఉండేది. నాలుగైదు సాళ్ల జొన్నకు ఒక సాలు కంది, మధ్యలో అనుములు, బొబ్బర్లు, గట్టు వెంట ఆముదాలు. జొన్న నాలుగు నెలల్లో ఇంటికొస్తుంది. కంది వేరు లోతుకు దిగి, జొన్నకు అందని తడిని అందుకుని, ఆరు నెలలు దాటాక కోతకొస్తుంది. కంది వేర్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మట్టికి ఇస్తాయి. రాలిన కంది ఆకు చేనుకు ఎరువవుతుంది. ఒక వాన తప్పి జొన్న ఎండినా కంది చేతికొచ్చేది. వానాకాలం మధ్యలో వాన నెల రోజులు మొహం చాటేసే ప్రాంతంలో ఈ ఏర్పాటు బీమా లాంటిది.

జొన్న కోశాక మిగిలే చొప్ప పశువులకు మంచి మేత. వరిగడ్డి దానికి సాటి రాదు. చొప్ప ఉంటే ఎడ్లు, బర్రెలు ఉండేవి. పశువులుంటే పెంటకుప్ప ఉండేది. ఎండాకాలంలో బండ్ల మీద పెంట తోలి చేనంతా చల్లేవాళ్లు. కోతలైన చేలల్లో గొర్ల మంద పెట్టించుకోవడం కూడా అలాంటిదే. నల్లని దక్కనీ గొర్రెలతో కురుమలు రాత్రిళ్లు చేనులో మంద ఆపితే, తెల్లారేసరికి ఆ జాగా అంతా ఎరువే. నల్లమల అంచున అమ్రాబాద్ వైపు మచ్చల చర్మంతో కనిపించే పొడ తూర్పు జాతి ఎడ్లు ఇదే వ్యవస్థలో భాగం. రాళ్ల నేలలో, తక్కువ మేతతో పని చేయడానికి అలవాటు పడిన జాతి అది. ఇప్పుడు దేశీ పశుజాతుల జాతీయ జాబితాలో దానికి చోటు దక్కింది, కానీ దాన్ని పోషించిన చొప్ప చేలు తగ్గిపోయాయి.

ఇలా తిండి, మేత, ఎరువు, విత్తనం ఒకదానికొకటి అందించుకునే చోటే 'స్థానిక ఆహార వ్యవస్థ' అనే పెద్ద మాటకు అర్థం దొరుకుతుంది. అందులోంచి జొన్నను తీసేస్తే తగ్గేది రొట్టె ఒక్కటే కాదు. చొప్ప పోతుంది, దాంతో ఎద్దు, దాంతో పెంట. ఆ ఖాళీలోకి యూరియా బస్తా వస్తుంది.

ఎట్లా పోయింది

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. కరువు, వలస తప్ప మరొకటి తెలియని పాలమూరు (మహబూబ్‌నగర్) పల్లెల్లో అది ఎన్నో కడుపులు నింపింది. దాన్ని తప్పుపట్టడానికి లేదు. కానీ అన్నం అంతవరకు గొప్పోళ్ల తిండి, రొట్టె పేదోళ్ల తిండి. రెండు రూపాయలకే అన్నం దొరికినప్పుడు గంటసేపు పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు కొట్టేదెవరు? కొర్రలు, తైదలు దంచే చాకిరీ పూర్తిగా ఆడవాళ్ల మీదే ఉండేది. ఆ చాకిరీ పోయినందుకు ఎవరూ బాధపడక్కర్లేదు.

తర్వాత బోర్లు. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు, 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు. ఇప్పుడు రాష్ట్రంలో వ్యవసాయ కనెక్షన్లు పాతిక లక్షలకు పైగా ఉన్నాయి. రైతుకు బిల్లు కనబడదు కాబట్టి పైన లెక్కేసిన 2,000 యూనిట్లు ఆయన ఖర్చుల కాగితంలో సున్నా. బోరు వేయించిన అప్పు మాత్రం కనబడుతుంది. ఆ అప్పు తీరాలంటే గ్యారంటీగా అమ్ముడుపోయే పంటే వేయాలి.

గ్యారంటీ ఉన్నది వడ్లకు. 2025-26లో ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాకు 2,389 రూపాయలు, సన్నాలైతే రాష్ట్రం ఇచ్చే బోనస్ మరో 500. ఎకరానికి 22 క్వింటాళ్లు పండినా 63 వేల పైచిలుకు చేతికొస్తుంది. అదే ఏడాది హైబ్రిడ్ జొన్న మద్దతు ధర 3,699, కందులది 8,000. వానకు ఆరు క్వింటాళ్ల జొన్న, రెండు క్వింటాళ్ల కంది పండితే 38 వేలు. పెట్టుబడి తీసేస్తే తేడా తగ్గుతుంది, బోరు ఎండిపోయే ప్రమాదాన్ని కలిపితే ఇంకా తగ్గుతుంది. అసలు చిక్కు మరోచోట ఉంది. వడ్లు కొనే కేంద్రం ఊళ్లోనే తెరుచుకుంటుంది. జొన్న రైతుకు మద్దతు ధర చాలాసార్లు కాగితం మీదే ఉంటుంది, అమ్మకం వ్యాపారి చెప్పిన రేటుకు జరుగుతుంది.

పత్తి సంగతి కూడా మరవకూడదు. నల్లగొండ, పాలమూరు చెలకల్లో జొన్న, ఆముదం జాగాను ఎక్కువగా తీసుకున్నది వరి కాదు, పత్తి. వానకే పండే నగదు పంట అది. ఎడ్లకు మేత ఇవ్వదు, ఇంటికి గింజ ఇవ్వదు, పైసలు ఇస్తుంది.

ఇక పిట్టలు. ఈ కారణం విధాన పత్రాల్లో కనిపించదు కానీ ఊళ్లో ఎవరినడిగినా ముందు చెప్పేది ఇదే. జొన్న పాలు పట్టిన దగ్గర్నుంచి గట్టిపడే దాకా చేనులో మంచె వేసుకుని, వడిసెలతో రాళ్లు రువ్వుతూ, డబ్బా కొడుతూ తెల్లవారుజాము నుంచి పొద్దుగూకే దాకా కాపలా ఉండాలి. నూరెకరాల్లో జొన్న ఉన్నప్పుడు పిట్టలు తలా కొంచెం తిని పోయేవి. చుట్టూ పత్తి, వరి ఉండి ఒక్కడే రెండెకరాల జొన్న వేస్తే ఊరి పిట్టలన్నీ ఆ రెండెకరాల మీదే వాలతాయి. ముసలివాళ్లు, పిల్లలు ఒకప్పుడు ఆ కాపలా కాసేవాళ్లు. ఇప్పుడు పిల్లలు బడిలో ఉంటారు, ఉండాలి కూడా. పనిచేసే వయసు వాళ్లలో చాలామంది హైదరాబాద్‌లోనో ముంబైలోనో ఉంటారు. అందుకే మద్దతు ధర ఎంత పెంచినా, ఒంటరి రైతు జొన్న వైపు తిరగడం కష్టం.

వడ్లు బయటికి, పప్పూ నూనె లోపలికి

తెలంగాణలో పండే బియ్యంలో పెద్ద భాగం భారత ఆహార సంస్థ ద్వారా ఇతర రాష్ట్రాలకు పోతోంది. బోరు కింద పండిన ప్రతి బస్తాతో పాటు ఇక్కడి భూగర్భ జలం కూడా వెళ్లిపోతున్నట్టే. అదే సమయంలో మన దేశం మొజాంబిక్, టాంజానియా, మయన్మార్ నుంచి కందులు తెచ్చుకుంటోంది. వంటనూనెలో సగానికి పైగా దిగుమతే, అందులో పెద్ద వాటా ఇండోనేషియా, మలేషియా పామాయిల్. పల్లీ పండే వనపర్తి, గద్వాల ఇళ్లలోనూ పొయ్యి పక్కన ఆ నూనె ప్యాకెట్టే కనిపిస్తుంది.

నీళ్లు తక్కువున్న చోటు నుంచి నీళ్లు ఎక్కువ తాగే గింజ బయటికి, ఇక్కడి చెలకలో నీళ్లు లేకుండా పండగలిగే పప్పు సముద్రాలు దాటి లోపలికి. స్థానిక ఆహారం గురించి చింతపడాల్సింది ముందుగా ఇక్కడే. పప్పు దూరం నుంచి వచ్చింది కాబట్టి కాదు, దాని జాగాలో ఇక్కడ ఏం పండించి ఎన్ని నీళ్లు పోగొట్టుకున్నామన్నందుకు.

ఒక అభ్యంతరం ఉంది, దానికి బలం కూడా ఉంది. ఎకరం వరి ఇచ్చే గింజ రావాలంటే మూడు నాలుగు ఎకరాల జొన్న వేయాలి. వరినంతా తీసేసి జొన్న వేస్తే దేశానికి గింజలు చాలవు. నిజమే. కాలువ కింది నల్లరేగడిలో, చెరువు కింది తరిలో వరి ఉండాల్సిందే. చర్చ బోరు మీద సాగే యాసంగి వరి గురించి, ఇంకా సాగు లేక పడావు పడి ఉన్న చెలకల గురించి. ఆ పడావు భూముల్లో ఏం పండినా అది అదనమే.

ఫ్లోరైడ్ నేలలో తిండి

నల్లగొండ పేరు ప్రపంచ వైద్య సాహిత్యంలోకి ఎక్కింది ఫ్లోరైడ్ వల్ల. పటిక, సున్నంతో నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించి 'నల్లగొండ పద్ధతి' అని పేరు పెట్టింది. నల్లరాతి పగుళ్లలో ఎంతోకాలం నిలిచిన నీటిలోకి రాతిలోని ఫ్లోరైడ్ కరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు ఇక్కడి ఎన్నో బోర్లలో ఎప్పుడో దాటిపోయింది. ఇంటింటికీ తాగునీరు ఇచ్చే మిషన్ భగీరథ పథకం ద్వారా కృష్ణా నీళ్లు రావడంతో తాగునీటి సంగతి చాలా మారింది. కానీ భూగర్భ జలం మీద ఆధారం తగ్గడానికీ పంటల ఎంపికకూ ఉన్న సంబంధం అలాగే ఉంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, చింతపండు తిన్న బడిపిల్లల మూత్రంలో ఎక్కువ ఫ్లోరైడ్ బయటికి పోయినట్టు తేలింది. పచ్చిపులుసు లేనిదే పూట గడవని ప్రాంతంలో ఇది సంతోషించదగ్గ సంగతి. కాల్షియం బాగా అందే తిండి ఫ్లోరైడ్ దెబ్బను కొంత కాస్తుంది, తైదల్లో కాల్షియం దండిగా ఉంటుంది. అయితే అదే సంస్థ 1970ల్లో చేసిన పరిశోధనలో బియ్యం తిన్నవాళ్ల కన్నా జొన్న తిన్నవాళ్ల ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ నిలిచినట్టు కనిపించింది. ఫ్లోరైడ్ నీళ్లు తాగక తప్పని చోట జొన్న ఒక్కటే తినడం మంచిది కాదన్నమాట. పాత తిండి అయినంత మాత్రాన అన్ని చోట్లా, అందరికీ మేలే చేస్తుందనుకోకూడదు. నీళ్లు మారాక జొన్న మీద ఈ భయం తగ్గుతుంది, అందుకే తాగునీరూ తిండీ కలిపి ఆలోచించాలి.

కూరగాయలకు దూరం ముఖ్యమే

గింజల్లో దూరానికి విలువ తక్కువని చూశాం. ఆకుకూరలు, టమాటా, వంకాయ వేరు. ఇవి ఒకటి రెండు రోజుల్లో వాడిపోతాయి. పాలమూరు, నల్లగొండ రైతు తెల్లవారకముందే డీసీఎం వ్యానులో హైదరాబాద్ బోయినపల్లి మార్కెట్‌కు పంపిన సరుకులో కొంత అక్కడే నలిగి, కుళ్లి పోతుంది. మిగిలిందాంట్లో కొంత వ్యాపారుల చేతులు మారి మళ్లీ జిల్లా కేంద్రంలోని బండి మీదికే వస్తుంది. బోయినపల్లిలో రోజుకు దాదాపు 10 టన్నుల కూరగాయల చెత్తతో గ్యాస్ తయారుచేసి 500 యూనిట్ల కరెంటు తీస్తున్నారు. మెచ్చుకోవలసిన పని. చెత్త అంత పోగవుతోందన్న మాట కూడా దానిలో ఉంది. 1999 జనవరి 26న మొదలైన రైతు బజార్లు, ఊళ్లలో వారానికోసారి జరిగే అంగళ్లు ఈ నష్టాన్ని నేరుగా తగ్గిస్తాయి.

పక్కవాళ్లు ఏం చేశారు

కృష్ణ దాటి రాయచూరు వైపు వెళ్తే వాన, నేల ఇక్కడిలాగే ఉంటాయి. కర్ణాటక ప్రభుత్వం ఉత్తర జిల్లాల్లో జొన్న, దక్షిణ జిల్లాల్లో రాగి రైతుల దగ్గర కొని రేషన్‌లో పంచింది. ఒడిశా 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టి రాగి కొనుగోలు, రేషన్ పంపిణీ కలిపి నడిపింది. మన రాష్ట్రంలోనే జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు పడావు భూముల్లో జొన్న వేయించి, ఆ గింజ ఊళ్లోనే నిల్వ చేసి, ఊరి పేదలకే తక్కువ ధరకు ఇచ్చే పద్ధతి నడిపాయి. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. మూడింటిలోనూ కొనుగోలు, పంపిణీ ఒకే ప్రాంతంలో కలిశాయి. రైతుకు అమ్మకం దొరికింది, గింజ ఊరు దాటనవసరం లేకపోయింది.

జొన్నకు ఒక సౌకర్యం కూడా ఉంది. కొర్ర, ఆరికలకు పొట్టు తీసే మిషను కావాలి. జొన్నకు అదేం అక్కర్లేదు, ఊళ్లో ఉన్న గిర్నిలో పట్టిస్తే పిండి అవుతుంది.

ముందు ఏం జరగవచ్చు

సన్నబియ్యం, బోనస్ కలిసి సన్నాల సాగును పెంచుతాయి. పర్యావరణం వైపు నుంచి చూస్తే ఏ సన్నమన్నది ముఖ్యం. సాంబ మసూరికి దాదాపు 145 నుంచి 150 రోజులు పడుతుంది. రాజేంద్రనగర్‌లో రూపొందిన ఆర్‌ఎన్‌ఆర్ 15048, అంటే తెలంగాణ సోనా, 125 రోజుల్లో వస్తుంది. మూడు వారాలు ముందు కోతకొస్తే మూడు వారాల నీళ్లు, ఆ మేరకు మీథేన్ మిగులుతాయి. మడిని ఎప్పుడూ నింపకుండా మధ్యలో ఆరబెట్టి మళ్లీ పెట్టే తడి పొడి పద్ధతిలో నీళ్లు 30 శాతం దాకా, మీథేన్ సగం దాకా తగ్గించవచ్చని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చెబుతోంది. కాని ఎంతసేపు తోడినా బిల్లు మారని చోట, కలుపు భయం ఉన్న చోట రైతు మడిని ఎందుకు ఆరబెట్టాలి? ఆ ప్రశ్నకు జవాబు దొరకనంత కాలం ఈ పద్ధతి ప్రదర్శన క్షేత్రాల్లోనే ఉండిపోతుంది.

రెండో మార్పు ఎత్తిపోతలది. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా తర్వాత ఇప్పుడు పాలమూరు రంగారెడ్డి. ఇవన్నీ నీళ్లను పైకి తోడేవి. ఆ నీళ్లకు రైతు పైసా కట్టకపోయినా కరెంటు ఖర్చు ఉంటుంది, బోరు లెక్క ఇక్కడా వర్తిస్తుంది. ఒక ఎకరం వరికి పెట్టే నీళ్లతో రెండు మూడు ఎకరాల ఆరుతడి పంటలు తేలికగా పండుతాయి. ఎండే దశలో ఒకటి రెండు తడులు అందితే జొన్న, కంది, పల్లీ దిగుబడి నిలుస్తుంది. కాలువ పారగానే ఆ ఊళ్లన్నీ వరికి మళ్లితే చివరి ఆయకట్టుకు నీళ్లు అందవు. ఆ చివరి ఊళ్లు మళ్లీ బోరే వేస్తాయి.

మూడోది తినేవాళ్ల వైపు నుంచి వస్తోంది. షుగర్ వచ్చినవాళ్లు పెరిగేకొద్దీ మహబూబ్‌నగర్, నల్లగొండ బజార్లలో సాయంత్రమయ్యేసరికి కట్టెల పొయ్యి మీద జొన్న రొట్టెలు కాల్చే ఆడవాళ్ల ముందు జనం నిలబడుతున్నారు. గిరాకీ ఉంది. కానీ ఆ పిండిలో మహారాష్ట్ర, కర్ణాటక జొన్నలూ ఉంటాయి. పక్క మండలంలో పండే జొన్న ఆ పొయ్యి దాకా రావాలంటే, గురుకులాలు, హాస్టళ్లు వారంలో కొన్ని పూటలు రొట్టెకు, గటకకు కేటాయించి, ఆ గింజను జిల్లాలోనే కొనాలి. అప్పుడే ఒక ఊళ్లో నలభై, యాభై ఎకరాలు ఒకే చోట జొన్న పడుతుంది, పిట్టల నష్టం అందరికీ పంచుకుపోతుంది. ఈ మాట రైతుకు విత్తనం కొనక ముందే తెలియాలి. యాసంగి వడ్లు కేంద్రాల్లో తూకమవుతున్న ఏప్రిల్, మే నెలల్లోనే జొన్న ధర, కొనే చోటు ప్రకటిస్తే, మిరుగు కార్తె వాన పడేనాటికి ఏ చెలకలో ఏం వేయాలో రైతు లెక్క చూసుకోగలడు.